వేళ్ళతో సహా

భార్య పోయిన ఐదో రోజున వెల్డరు పనికి వెళ్ళాడు. ఇంట్లో కూర్చుంటే ఏం చెయ్యాలో తెలియలేదు. షెడ్డులో అయితే తెలుసు. ఒక గేటు సగంలో ఆగి ఉంది, మిగిలిన కమ్మీలు కొలిచి, కోసి, అతకాలి. షెడ్డు యజమాని అతన్ని చూసి టీ తెప్పించాడు. వెల్డరు టీ తాగి, ముఖానికి నల్లద్దం తగిలించుకుని పనిలో కూర్చున్నాడు. సాయంత్రం దాకా ఆ అద్దం తియ్యలేదు. దాని వెనక ఏడుస్తున్నాడని తోటివాళ్ళు అనుకున్నారు. ఏడవడం లేదు. అతుకు సరిగ్గా పడుతోందా లేదా అని చూసుకుంటున్నాడు, అంతే.

మొదటి నుంచీ అతను నోట్లో నాలుక లేని మనిషే. ఏ ఇనుప ముక్కనైనా రెండుసార్లు కొలవనిదే కొయ్యడని షెడ్డులో ‘కొలతలాయన’ అనేవారు. ఇంట్లో మాటల పనంతా భార్యే చూసుకునేది. ఆమె బడిపిల్లల యూనిఫారాలు కుట్టే కంపెనీలో గుడ్డ కత్తిరించేది. రోజూ పొద్దున్నే స్కూటరు మీద గోదాముల వెనక రోడ్డులో వెళ్ళేది. ఆ రోడ్డుకి ఒక మలుపుంది. మలుపు పక్కన గట్టు మీద ముళ్ళకంప మనిషెత్తు పెరిగి రోడ్డు మీదికి వాలి ఉంటుంది. అది గీరుకోకుండా ఉండాలంటే బండి నడిపేవాళ్ళు కాస్త మధ్యకి జరగాలి. ఎదురుగా వచ్చేది కంప అడ్డొచ్చి కనపడదు.

ఆ రోజు ఎదురుగా వచ్చింది బ్రెడ్డు వ్యాను. నడిపినతను వేగంగా రావడం లేదు, తాగి లేడు. ఆమె కూడా తొందరపడలేదు. పోలీసులు టేపుతో కొలిచి, కాగితం మీద గీతలు గీసి, చివరికి ఇద్దరి తప్పూ లేదని రాశారు. వెల్డరు ఆ కాగితాన్ని మడిచి బీరువాలో పెట్టాడు. వ్యాను అతను ఆ దారిలో రావడమే మానేశాడని తర్వాత ఎవరో చెప్పారు. వెల్డరు తల ఊపాడు.

ఇంట్లో ఇంకొక మనిషి ఉంది, భార్య తల్లి. ఆరేళ్ళ కిందట మొగుడు పోయాక కూతురి దగ్గరికి వచ్చేసింది. ఆవిడకి నోరు ఎక్కువే గాని అది కూతురి మీదా, కూరగాయల బండి అతని మీదా, రేడియోలో వార్తలు చదివేవాళ్ళ మీదా నడిచేది. అల్లుడితో నేరుగా మాట్లాడటం ఎప్పుడూ లేదు. అతను మూడడుగుల దూరంలో కూర్చుని ఉన్నా సరే, మీ ఆయన్ని భోజనానికి రమ్మనవే అని కూతురితో అనేది. మీ అమ్మ మాత్ర వేసుకుందా అని అతను భార్యని అడిగేవాడు. ఇప్పుడు మధ్యలో మనిషి పోయి, అటొకరు ఇటొకరు మిగిలారు.

అత్తగారు కంచం మీద మూత పెట్టి బల్ల మీద ఉంచి, భోజనం పెట్టానని గోడతో చెప్పేది. అతను గోడతోనే సరే అనేవాడు. కూరలో ఉప్పు సరిపోయిందో లేదో అని ఆవిడ కిటికీని అడిగితే అతను కంచానికి జవాబు చెప్పేవాడు. ఆవిడా ఏడ్చినట్టు లేదు. కూతురి బట్టలన్నీ ఉతికి, ఇస్త్రీ చేయించి, బీరువాలో సర్దింది. వారం తిరక్కుండా అవే బట్టలు తీసి మళ్ళీ ఉతికింది. అతను తీగ మీద ఆరుతున్న బట్టల్ని చూసి, వాటి కిందనుంచి వంగి పనికి వెళ్ళాడు. వేరే ఊళ్ళో ఉన్న ఆవిడ తమ్ముడు రెండు రోజులకొకసారి ఫోను చేసి, అల్లుడింట్లో ఇంకా ఏం చేస్తావక్కా, వచ్చెయ్యి అంటున్నాడు. చూద్దాంలే అని ఆవిడ పెట్టేస్తోంది.

నెల గడిచాక వెల్డరు రోడ్డు ఆఫీసుకి అర్జీ పట్టుకుని వెళ్ళాడు. అక్కడి గుమాస్తా అర్జీ చదివి, ఇతని మొహం చూసి, కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. ఆ మలుపు జాబితాలో ఉందనీ, ఏడాదికి రెండుసార్లు కొట్టిస్తామనీ, ఈసారి ముందే పంపిస్తాననీ చెప్పాడు. మాట తప్పలేదు. పది రోజుల్లో ఆరుగురు మనుషులు కత్తులతో వచ్చి, గట్టంతా నున్నగా కొట్టేసి, కొమ్మలు ట్రాక్టరులో వేసుకుని పోయారు.

వెల్డరు ఆదివారం వెళ్ళి చూశాడు. వేలెడెత్తు మోళ్ళు మిగిలి ఉన్నాయి. మరో మూడు వారాలకి వెళ్ళాడు. ఒక్కో మోడు నుంచీ నాలుగైదు చిగుళ్ళు లేచి మోకాలిదాకా వచ్చాయి. వంగి కూర్చుని లెక్కపెట్టాడు. ఒకటి కొడితే ఐదు. వానలు పడితే ఇంకో రెండు నెలల్లో మళ్ళీ మనిషెత్తు అవుతుంది, మునుపటికంటే దట్టంగా. కోపం వస్తుందేమోనని కాసేపు అలాగే కూర్చున్నాడు. రాలేదు. కొట్టినన్నాళ్ళూ ఇది చావదు, వేళ్ళతో సహా రావాలి అని మాత్రం అనిపించింది. అది కూడా ఒక గేటు గురించి అనుకున్నట్టే అనుకున్నాడు.

మరుసటి ఆదివారం గునపం తీసుకెళ్ళాడు. ఒక్క మొక్కకి గంటన్నర పట్టింది. నేల రాయిలా ఉంది, వేరు మొక్కకంటే పొడుగ్గా ఉంది, సగంలో తెగింది. అరచేతులు రెండూ బొబ్బలెక్కాయి. ఆ లెక్కన గట్టు మొత్తానికి ఎన్నాళ్ళు పడుతుందో గుణించి చూసుకున్నాడు. రెండేళ్ళు. ఈలోగా పీకినవాటి పక్కన కొత్తవి మొలుస్తాయి.

అప్పుడు మొదలుపెట్టాడు పనిముట్టు. షెడ్డులో పని అయ్యాక అరగంట, భోజనం వేళలో పావుగంట. పాత ఇనుము గుట్టలోంచి రెండంగుళాల పైపు ఒకటి ఏరుకున్నాడు. దాని కొసకి గొలుసు అతికి, గొలుసుని మొక్క మొదట్లో చుట్టి, పైపుని మీటలా వాడి లేపాలని చూశాడు. గొలుసు జారి బెరడంతా ఒలుచుకొచ్చింది, మొక్క మొక్కలాగే ఉంది. తర్వాత రెండు ఇనుప దవడలు చేసి బోల్టుతో బిగించేలా పెట్టాడు. బిగించడానికి రెండు నిమిషాలు, లాగగానే దవడలు జారి ఊడిపోవడానికి క్షణం. షెడ్డు యజమాని రెండు మూడుసార్లు వచ్చి చూసి వెళ్ళాడు. మంచివాడే. కాని ఒకరోజు ఇతను వినడం లేదనుకుని, చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాడు పాపం అని పక్కవాడితో అన్నాడు. వెల్డరు విన్నాడు. నిజమే కదా అనుకుని రంపం బ్లేడు మార్చాడు.

ఆ దవడల పనిముట్టుని ఒక ఆదివారం పొద్దున ఇంటికి తెచ్చి పెరట్లో పెట్టుకున్నాడు. గోడ పక్కన తనంత తానే మొలిచిన పిచ్చిమొక్క ఒకటుంది, బొటనవేలంత లావు కాండం. దానికి బిగించి లాగుతున్నాడు. జారుతోంది. మళ్ళీ బిగిస్తున్నాడు. అత్తగారు వెనక గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. నాలుగోసారి జారినప్పుడు చేట పక్కన పెట్టింది.

“అది జారుతూనే ఉంటుంది అల్లుడుగారూ,” అంది.

అతను తలెత్తాడు. ఆవిడ గోడ వైపు చూడటం లేదు, అతని చేతిలో ఉన్నదాని వైపు చూస్తోంది.

తర్వాత ఆవిడ చెప్పింది తన మొగుడి గురించి. ఆయన ముప్ఫై ఏళ్ళు ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోశాడు. తను రోజూ క్యారేజీ పట్టుకెళ్ళేది, అక్కడే గోడవారగా కూర్చుని ఆయన తినేదాకా ఉండేది. ఐసు దిమ్మకంటే జారేది లోకంలో ఇంకేమైనా ఉందా? దాన్ని ఎత్తే పట్టకారు ఒకటుండేది, రెండు కొక్కేలు కత్తెరలా కలిపి. దానికి బోల్టూ లేదు, బిగించడమూ లేదు. కొక్కేలు ఆనించి పైకి లాగడమే. దిమ్మ ఎంత బరువైతే పట్టు అంత గట్టి.

“మీరు ముందు బిగించి తర్వాత లాగుతున్నారు,” అంది. “అలా కాదు. లాగితేనే బిగుసుకోవాలి. ఎంత లాగితే అంత.”

ఆరేళ్ళలో ఆవిడ అతనితో అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. అతను దవడల పనిముట్టుని మొక్క నుంచి ఊడదీసి పక్కన పెట్టాడు. లోపలికెళ్ళి సుద్దముక్క తెచ్చి పెరటి గచ్చు మీద గీశాడు. కింద ఒక వెడల్పు రేకు, దాని మీద కదలని దవడ. ఎదురుగా, మీట కింది కొసకి కదిలే దవడ. రెండింటి మధ్య ఒక ఇరుసు బోల్టు. మీట పైకొసని వెనక్కి లాగితే మొదట కదిలే దవడ మూసుకుని కాండాన్ని కరుస్తుంది. ఇంకా లాగితే రేకు వెనక అంచు మడమలా నేలకి ఆని, మొత్తం వెనక్కి వాలి, కరిచిన దాన్ని పైకి లేపుతుంది. ఆవిడ వంగి చూసి, ఇదిగో ఇక్కడ కొక్కెం ఇంకాస్త లోపలికి తిరిగి ఉండేదని వేలితో చూపించింది. అతను చెరిపి మళ్ళీ గీశాడు. కొలతలు తీస్తుంటే టేపు రెండో కొస ఆవిడే పట్టుకుంది.

దవడలకి మామూలు ఇనుము పనికిరాదు. విరిగిన లారీ కమాను పట్టీ ఒకటి సంపాదించి రెండు ముక్కలు కోశాడు. వాటి లోపలి వైపు వెల్డింగు చుక్కలు వరసగా పోసి పళ్ళలా చేశాడు. పైపు మీటరున్నర తీసుకున్నాడు. వారం పట్టింది. శనివారం సాయంత్రం ఇంటికి తెచ్చి పెరట్లో ఆ మొక్కకే పెట్టాడు. అత్తగారు తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి నిలబడింది.

మీటని వెనక్కి లాగాడు. దవడ కరిచింది. ఇంకా లాగాడు. నేల లోపల పాత గుడ్డ చినిగినట్టు చప్పుడైంది, మొక్క నిటారుగా పైకొచ్చి పక్కకి ఒరిగింది. కింద వేరు జానెడు పొడుగు, కొస తెల్లగా ఉంది.

“వచ్చింది,” అన్నాడతను.

“వచ్చింది,” అంది ఆవిడ.

ఇద్దరికీ సంతోషం కలిగినట్టు లేదు. అలాగని ఏమీ కలగలేదనీ కాదు. ఆవిడ లోపలికెళ్ళి టీ పెట్టింది. రెండు గ్లాసులూ ఒకే బల్ల మీద పెట్టింది.

ఆ మర్నాటి నుంచి ప్రతి ఆదివారం పొద్దున్నే మలుపు దగ్గరికి వెళ్ళడం మొదలైంది. అతను పనిముట్టు భుజాన వేసుకునేవాడు. రమ్మని అతను అనలేదు, వస్తానని ఆవిడా అనలేదు. నీళ్ళ సీసా, ఒక ఎర్ర తువ్వాలు సంచిలో వేసుకుని వెనకే నడిచింది. మలుపుకి ముందు నిలబడి వచ్చే బండ్లకి తువ్వాలు ఊపేది. మొదటి ఆదివారం పంతొమ్మిది మొక్కలు లేచాయి. చిన్నవి సులువుగా వచ్చేవి, పెద్ద మోళ్ళ దగ్గర అతనొక్కడి బలం చాలేది కాదు. రెండో ఆదివారం అలాంటి ఒక మోడు దగ్గర అతను మీటకి వేలాడుతూ ఉంటే ఆవిడ తువ్వాలు గట్టు మీద పడేసి వచ్చింది.

“జరగండి. నేనూ వేలాడతాను,” అంది. “నీ దుంపతెగ, ఎంత లావైపోయావే అమ్మా అని మా అమ్మాయి రోజూ అనేది. ఈ లావు ఇన్నాళ్ళకి అక్కరకొచ్చింది.”

కూతురి మాట ఆ ఇద్దరి మధ్యకి రావడం అదే మొదటిసారి. మోడు లేచింది. ఆవిడ వెళ్ళి తువ్వాలు తీసుకుంది.

వాన పడిన వారం రేకు మడమ బురదలో దిగబడిపోయింది. దాని కింద వెయ్యడానికి అతను ఒక చెక్క తెచ్చాడు. పైపు కాస్త వంగితే లోపల సన్న పైపు దూర్చి గట్టిచేశాడు. ఇలాంటివి ఎప్పటికప్పుడు సరిచేసుకుంటూ పోయాడు. ఆదివారం నుంచి ఆదివారం దాకా ఆలోచించడానికి ఏదో ఒకటి ఉండేది.

నాలుగో ఆదివారం ఒక పొదని లేపితే దాని అడుగున ఎండుటాకుల్లో ఒక చెప్పు కనిపించింది. ఆడవాళ్ళది, కుడికాలిది, మట్టి కొట్టుకుపోయి ఉంది. ప్రమాదం జరిగిన రోజు భార్య చెప్పుల్లో ఒకటి దొరకలేదు. వెల్డరు చేతులు మీట మీదే ఉండిపోయాయి. అత్తగారు వంగి తీసింది. మట్టి గీకింది. అడుగు తిరగేసి చూసింది, తన అరచేతిని దాని పక్కన పెట్టి కొలిచింది.

“మా అమ్మాయిది కాదు,” అంది. “దానిది ఇంత పెద్ద కాలు కాదు.”

చెప్పుని జాగ్రత్తగా గట్టు మీద ఒక రాయి పక్కన పెట్టింది, ఎవరైనా వెతుక్కుంటూ వస్తారేమో అన్నట్టు. ఇద్దరూ కూర్చుని నీళ్ళు తాగారు. ఆ రోజు ఇంకో మూడు మొక్కలు పీకి ఇంటికెళ్ళిపోయారు.

ఆరో ఆదివారం రోడ్డు మేస్త్రి వచ్చాడు. మోటారు సైకిలు ఆపి, హెల్మెట్ తీసి, గట్టు మీద గుంతలన్నీ చూశాడు. ఇది ప్రభుత్వ స్థలమనీ, పర్మిషన్ లేకుండా తవ్వకూడదనీ అన్నాడు. తవ్వడం లేదు, పీకుతున్నామని వెల్డరు అన్నాడు. పీకడానికైనా పర్మిషన్ కావాలన్నాడు మేస్త్రి.

“మొలిచేటప్పుడు అవి ఎవరి పర్మిషన్ తీసుకున్నాయి బాబూ?” అని అడిగింది అత్తగారు.

మేస్త్రి ఆవిడ వైపు చూశాడు. ఆవిడెవరో, ఇక్కడ ఏం జరిగిందో అతనికి తెలిసినట్టే ఉంది. గొంతు తగ్గించాడు. వేళ్ళు పోతే మట్టిని పట్టుకునేది ఏముంటుందమ్మా, గట్టి వాన పడితే గట్టు జారి రోడ్డు మీదికొస్తుంది, అప్పుడు ఇంకొకళ్ళ ఇంట్లో ఇదే గొడవ అన్నాడు. గుంతలు వదిలేస్తే రాత్రిపూట ఎవడో కాలు విరగ్గొట్టుకుంటాడని కూడా అన్నాడు.

వెల్డరు ఆలోచించాడు. మేస్త్రి చెప్పింది నిజమే. తను పైకి రావాల్సిన దాని గురించే ఆలోచించాడు గాని, అది వచ్చేశాక మిగిలే దాని గురించి ఆలోచించలేదు. మరేం చెయ్యమంటారని అడిగాడు. గుంతలు పూడ్చి, మట్టి దిమ్మిస కొట్టి, గడ్డి దుబ్బులు పెట్టమన్నాడు మేస్త్రి. గడ్డి గట్టుని పట్టుకుంటుంది, తల మాత్రం పైకెత్తదు. దుబ్బులు కాలవ పక్కన కావలసినన్ని ఉన్నాయి. చెప్పడం అయ్యాక మేస్త్రి కాసేపు నసిగి, ఆ పనిముట్టు ఒకసారి చూస్తానన్నాడు. ఒక మొక్క పీకాడు. వేరుని పైకెత్తి చూసుకుని ఇంకొకటి పీకాడు. మూడోది కూడా పీకి, మా వాళ్ళకి ఇలాంటివి రెండు చేసిపెడతారా అని అడిగి వెళ్ళిపోయాడు.

అప్పటి నుంచి పని రెండింతలైంది. పీకడం అతను, పూడ్చడం ఆవిడ. మధ్యాహ్నం ఎండ ఎక్కేలోపు ఇద్దరూ కలిసి గడ్డి పెట్టేవారు. తమ్ముడు ఫోను చేస్తే, ఆదివారాలు ఖాళీ లేదురా అని ఆవిడ చెప్పడం అతను విన్నాడు.

ఎనిమిదో ఆదివారం. మలుపు కొసన ఉన్న పెద్ద పొద ఒక్కటి తప్ప గట్టంతా అయిపోయింది. వెల్డరు మోకాళ్ళ మీద కూర్చుని ఒక గుంతలో మట్టి పోస్తున్నాడు. ఆవిడ పక్కన నిలబడి కాలితో అదుముతోంది. పోస్తూ పోస్తూ అతను ఆగాడు.

“పోయిన వానల్లో నాతో ఒకసారి అంది,” అన్నాడు.

“ఏమని?”

“మలుపు దగ్గర కంప బాగా మీదికొచ్చేస్తోంది, ఏమైనా చెయ్యొచ్చా అని. నేను గేటు కొలతలు రాసుకుంటున్నాను. అది ఆఫీసువాళ్ళ పని అన్నాను. తల కూడా ఎత్తలేదు. మళ్ళీ అడగలేదు నన్ను.”

అత్తగారు అదుముతున్న కాలు ఆపలేదు. మట్టి గట్టిపడేదాకా అదిమింది. ఒక లారీ మలుపు తిరిగి వెళ్ళింది.

“నాతోనూ అంది,” అంది ఆవిడ. “మోచేయి చూపించింది. ఇంత పొడుగు గీరుకుపోయింది. నేనేమన్నానో తెలుసా? పొడుగు చేతుల చొక్కా వేసుకుని పోవే అన్నాను.”

అతను మట్టి చేతులతో అలాగే కూర్చున్నాడు. ఆ మాట చెప్పేస్తే ఏదో జరుగుతుందని ఇన్ని నెలలూ అనుకున్నాడు. గుండె బద్దలవుతుందనో, ఆవిడ తిడుతుందనో. ఏమీ జరగలేదు. రెండు మాటలూ అలా గట్టు మీద పడి ఉన్నాయి, పీకేసిన మొక్కల్లాగా. కాసేపటికి వీపు నొప్పి పుడుతోందని అతనికి తెలిసింది. అది పొద్దుట్నుంచీ ఉండే ఉంటుంది.

“లే నాయనా, నీళ్ళు తాగు,” అంది ఆవిడ. అతన్ని నువ్వు అనడం అదే మొదలు. ఇద్దరూ దాన్ని గమనించనట్టే ఉన్నారు.

పెద్ద పొదకి ఇంకో ఆదివారం పట్టింది. దాని మొదలు మణికట్టంత ఉంది, దవడలో పట్టలేదు. చుట్టూ కొంత తవ్వి, పక్క కాండాలు ఒక్కొక్కటే లేపి, చివరికి దవడలో పట్టేలా నడిమి దాన్ని ఒక్కదాన్నే మిగిల్చారు. అతను మీటకి పొడుగు పైపు తొడిగాడు. ఇద్దరూ కొసన వేలాడారు. కదల్లేదు. మొక్కై వంగనిది మానై వంగుతుందా అని ఆవిడ ఆయాసపడుతూ గొణిగింది. ఊపిరి పీల్చుకుని, ఒకటి రెండు మూడు అనుకుని, ఒక్కసారిగా వెనక్కి వాలారు. నేల అదిరినట్టయింది. వేరు తెగకుండా మొత్తం పైకొచ్చింది, ఇద్దరూ వెల్లకిలా గడ్డిలో పడ్డారు, పైపు ఎగిరి రోడ్డు మీద ఖణేలుమని మోగింది. అత్తగారి నోటి నుంచి ఒక శబ్దం వచ్చింది. దెబ్బ తగిలిందేమోనని అతను గబగబా లేచాడు. ఆవిడ నవ్వుతోంది. అది నవ్వేనని తెలియడానికి ఆవిడకే కొంచెం టైం పట్టింది. తెలియగానే ఆగిపోయింది.

గుంత పూడ్చి, గడ్డి పెట్టాక అతను వెళ్ళి మలుపు మధ్యలో నిలబడ్డాడు. అటు చివర గోదాముల గోడ నుంచి ఇటు చివర వంతెన దాకా రోడ్డంతా కనిపిస్తోంది. చాలాసేపు చూశాడు. ఏదో ఒకటి లోపల కదలాలి అనుకున్నాడు. కదల్లేదు. రోడ్డు కనిపిస్తోంది, అంతే. దూరం నుంచి ఒక బస్సు వస్తూ ముందే హారను కొట్టింది. అతను పక్కకి తప్పుకున్నాడు. డ్రైవరు వెళ్తూ వెళ్తూ చెయ్యెత్తాడు. అలవాటు కొద్దీ ఇతనూ ఎత్తాడు.

రోడ్డు మేస్త్రి అడిగినట్టే వెల్డరు అలాంటి పనిముట్లు రెండు చేసిచ్చాడు. వానలు ముగిసేదాకా అత్తా అల్లుళ్ళు అడపాదడపా వెళ్ళి గట్టు చూసొచ్చారు. వేరు తెగినచోట పదకొండు మొక్కలు మళ్ళీ లేచాయి, వాటిని చేత్తోనే పీకేశారు. గట్టు ఒక్కచోట బెత్తెడు జారింది, మిగతాది గడ్డి పట్టుకుంది. ఆదివారాలు మళ్ళీ ఖాళీ అయ్యాయి. అత్తగారు పెట్టె సర్దుకుని తమ్ముడి దగ్గరికి బయలుదేరింది. అతను బస్సు ఎక్కించాడు. ఉండమని అనాలేమో అనుకున్నాడు, ఎలా అనాలో తెలియలేదు. కిటికీలోంచి ఆవిడ, బీరువాలో బట్టలు నేను ఎవరికైనా ఇచ్చేస్తాను, నువ్వు ముట్టుకోకు అని మాత్రం చెప్పింది.

ఆవిడ లేని నెల్లాళ్ళూ అతను షెడ్డులో తిన్నాడు. ఇంట్లో రేడియో పెట్టి చూశాడు, అందులో మాట్లాడేవాళ్ళని ఏమనాలో తోచక కట్టేశాడు. ఒకరోజు సాయంత్రం తాళం తీయబోతే తలుపు తీసే ఉంది. అత్తగారు వంటింట్లో ఉంది. పెట్టె ఇంకా విప్పలేదు.

తమ్ముడి ఇంటి వెనక ఎకరం మేర ఇదే కంప అని చెప్పింది ఆవిడ. పాములు కూడా ఉన్నాయట. వాడు కూలీలని పెట్టి కొట్టిస్తున్నాడు, వెర్రివాడు. కొడితే ఐదవుతుందిరా అంటే నవ్వాడు.

“మా అల్లుడు ఆ పనిముట్టు తీసుకుని వస్తాడని చెప్పేశాను,” అంది. “నిన్ను అడక్కుండా చెప్పాను. వస్తావా?”

“వస్తాను,” అన్నాడు. తాళంచెవి మేకుకి తగిలించి, “అక్కడ పని అయ్యాక ఇద్దరం వచ్చేద్దాం అత్తయ్యా,” అన్నాడు.

 ఆవిడ లోపలికెళ్ళి పెట్టెలో బట్టలు సగం తీసి, బీరువాలో తన అరలో సర్దింది. మిగతా సగం ప్రయాణానికి ఉంచింది.

శనివారం పొద్దున్నే బస్సెక్కారు. పనిముట్టు పై అరలో పట్టలేదు, సీటు కింద సగమే దూరింది. మిగతా పైపు నడిచే దారిలోకి పొడుచుకొచ్చింది. కండక్టరు వచ్చి ఇదేంటి పెద్దమ్మా అని అడిగాడు. మొక్కలు పీకేదనీ, తన అల్లుడు చేశాడనీ, తాను కూడా కొంత చేశాననీ చెప్పింది. ఎక్కినవాళ్ళందరూ దాన్ని దాటుకుంటూ వెళ్ళాలి. చూసుకుని అడుగెయ్యండమ్మా, చూసుకో బాబూ అని ఆవిడ ఒక్కొక్కరికీ చెబుతూనే ఉంది. మూడో స్టాపు వచ్చేసరికి వెల్డరు కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. గోతుల్లో బస్సు ఎగిరినప్పుడల్లా తల కిటికీకి కొట్టుకుంటోంది. ఆవిడ ఎర్ర తువ్వాలు మడిచి అక్కడ పెట్టి, మళ్ళీ ఇటు తిరిగి ఎక్కేవాళ్ళని హెచ్చరించడంలో పడింది.